ఆర్ట్ మ్యూజియం ఎడ్యుకేటర్ అవ్వాలంటే: బెజవాడ, గుంటూరు వాళ్ళకి మొదటి మెట్టు నుంచి

మ్యూజియం ఎడ్యుకేటర్ అంటే గైడే కదండీ అని అడుగుతుంటారు. పక్కపక్కనే ఉండే పనులే గానీ ఒకటి కాదు. గైడ్ చెప్తాడు, మనం వింటాం, అరగంటలో గ్యాలరీలన్నీ తిప్పేసి గేటు దగ్గర వదిలేస్తాడు. ఎడ్యుకేటర్ మూడు నాలుగు వస్తువుల దగ్గరే ముప్పావుగంట ఆపుతాడు, వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చూసేలా చేస్తాడు, చూసింది వాళ్ళ నోటితోనే చెప్పిస్తాడు, తనకి తెలిసినదాంట్లో పావు వంతు చెప్తే ఎక్కువ. అందుకే ఈ పనికి బాగా మాట్లాడేవాళ్ళకంటే బాగా వినేవాళ్ళు పనికొస్తారు, ఇది నా అభిప్రాయం, కొట్లాడేవాళ్ళు కొట్లాడొచ్చు.

అందరూ ముందు అడిగేది "ఏ కోర్సు చెయ్యాలి?" అని. నేను కోర్సుల సంగతి కిందెక్కడో రాశాను, కావాలనే. ముందు కళ్ళు, తర్వాత నోరు, ఆ తర్వాతే సర్టిఫికెట్. మొదటి రెండూ ఇక్కడే, మన రెండూళ్ళ మధ్యే, బస్సు చార్జీల ఖర్చుతో వచ్చేస్తాయి.

మొదటి మెట్టు: ఒక్క వస్తువు పట్టుకోండి

బెజవాడ వాళ్ళయితే బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది, పాతవాళ్ళు ఇప్పటికీ విక్టోరియా మ్యూజియం అనే అంటారు, 1887లో విక్టోరియా రాణి గోల్డెన్ జూబ్లీకి శంకుస్థాపన చేసిన బిల్డింగ్. గుంటూరు వాళ్ళకి బౌద్ధశ్రీ మ్యూజియం. టికెట్ తీసుకుని లోపలికెళ్ళండి, కానీ మొత్తం చూడకండి. ఒక్క వస్తువు ఎంచుకోండి. బాపు మ్యూజియంలో అయితే అల్లూరు నుంచి తెచ్చిన నిలబడ్డ బుద్ధుడితో మొదలెట్టమంటాను, ఎందుకంటే చూడ్డానికి ఏమీ లేనట్టు కనిపిస్తుంది, నిలబడేకొద్దీ బయటపడుతుంది.

ఫోన్ బ్యాగులో పెట్టేసి, లేబుల్ చదవకుండా, పది నిమిషాలు నిలబడండి. రెండు నిమిషాలకే "అయిపోయింది, చూసేశా" అనిపిస్తుంది. ఆగండి. పని అప్పుడే మొదలవుతుంది. బట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఏ భుజం మీద ఉంది, ఏ భుజం మీద లేదు, బరువు ఏ కాలి మీద ఉంది, రాయి ఎక్కడ విరిగింది, ఎక్కడ అరిగింది, వెనక వైపు చెక్కారా వదిలేశారా. మన ప్రాంతం బుద్ధ విగ్రహాల్లో మామూలుగా కుడి భుజం ఖాళీగా ఉంటుంది, వస్త్రం ముడతలు గీతల్లా ఏటవాలుగా దిగుతాయి, కింద పాదాల దగ్గర అంచు బాగా మందంగా మడత పడి ఉంటుంది. ఇప్పటి పాకిస్తాన్, అఫ్ఘనిస్తాన్ వైపు దొరికే గాంధార బుద్ధుడి ఫోటో పక్కన పెట్టి చూడండి, అక్కడ రెండు భుజాలూ కప్పుకుని చలిదేశంలో ఉన్నట్టుంటాడు. ఈ తేడా పుస్తకంలో చదివితే మర్చిపోతారు, కళ్ళతో పట్టుకుంటే పోదు.

తర్వాత పెన్సిల్‌తో బొమ్మ వెయ్యండి. బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. గియ్యబోతేగానీ వేళ్ళు ఎలా మడిచాడో మనం చూడలేదని తెలీదు. ఆపైన నోట్‌బుక్‌లో మూడు వరసలు: ఏం కనిపించింది, ఏం ఊహించాను, ఏం తెలుసుకోవాలనుంది. ఈ మూడూ కలిపెయ్యకుండా విడిగా ఉంచడమే ఈ ఉద్యోగంలో సగం పని. "బుద్ధుడు ప్రశాంతంగా ఉన్నాడు" అనేది కనిపించింది కాదు, ఊహించింది, కనిపించింది సగం మూసిన కళ్ళు. అదయ్యాకే లేబుల్ చదవండి, చదివి అందులో ఏం లేదో రాసుకోండి, రేపు మీరు చెప్పాల్సింది అదే.

ఇదే వస్తువు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, జనం ఉన్నప్పుడు ఒకసారి. జనం ఉన్నప్పుడు వస్తువుని వదిలేసి జనాన్ని చూడండి, ఎంతసేపు ఆగుతున్నారు, ముందు లేబుల్ చూస్తున్నారా విగ్రహం చూస్తున్నారా, పిల్లలు దేన్ని వేలుపెట్టి చూపిస్తున్నారు. పైసా ఖర్చులేని ట్రైనింగ్ ఇది.

రెండో మెట్టు: మన సరుకు మనకి తెలియాలి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోండి, ఎందుకంటే పక్క రాష్ట్రాల్లో వాళ్ళకి లేని అదృష్టం, లేని చిక్కు, రెండూ మనకి ఇక్కడే ఉన్నాయి.

అమరావతి స్తూపం. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేటప్పటికే అక్కడి రాళ్ళు ఊళ్ళో కట్టడాలకి పోతున్నాయి, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్న రోజులవి. మెకంజీ మళ్ళీ 1816లో మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి చాలా శిల్పాలకి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో కంపెనీ అధికారి తవ్వించి చాలా రాళ్ళు మద్రాసు పంపించాడు, అక్కణ్ణించి కొన్ని 1859లో లండన్ ఓడెక్కాయి. ఇవాళ పెద్ద సేకరణలు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, అమరావతిలో పురావస్తు శాఖ వాళ్ళ మ్యూజియంలో ఉన్నవి తర్వాత తవ్వకాల్లో దొరికినవి, మిగిలినవి. అంటే గుంటూరు నుంచి బస్సులో అమరావతి వెళ్ళిన పిల్లాడికి ఒక పచ్చటి దిబ్బ, చుట్టూ కొన్ని రాతి పలకలు, పక్కన మ్యూజియం కనిపిస్తాయి, అంతే. "సార్, ఇంతేనా?" అంటాడు.

ఆ "ఇంతేనా" కి జవాబు తయారు చేసుకోవడమే ఇక్కడ ఎడ్యుకేటర్‌కి అసలు పరీక్ష. చెన్నైలో ఉన్న పలక ఫోటో పెద్ద సైజులో ఫ్లెక్సీ షాపులో ప్రింట్ తీయించి తీసుకెళ్ళండి, స్తూపం చుట్టూ ఉండే ప్రాకారంలో అది ఎక్కడుండేదో ఆ దిబ్బ దగ్గరే నిలబడి చూపించండి, పిల్లల్ని చేతులు పట్టుకుని వరసగా నిలబడమని ప్రాకారం వాళ్ళతోనే కట్టించండి. లేనిదాన్ని చూపించడం అలా వస్తుంది. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో వాళ్ళ దగ్గరున్న అమరావతి రాళ్ళ ఫోటోలు పెద్దవిగా చూసుకోవచ్చు. అందులో రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది, ముందు కాలం వాళ్ళు ఒక వైపు బోధిచెట్టు, ఖాళీ ఆసనం చెక్కితే, తర్వాత కాలం వాళ్ళు అదే రాయి తిప్పి రెండో వైపు స్తూపం బొమ్మ చెక్కారు. పదో తరగతి పిల్లలకి ఆ ఒక్క రాయి చాలు గంటసేపు మాట్లాడుకోడానికి.

ఖాళీ ఆసనం అంటే గుర్తొచ్చింది, తొలినాళ్ళ అమరావతి శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు, పాదముద్రలు, చెట్టు, చక్రం, ఖాళీ సింహాసనం, ఇవే ఉంటాయి, చుట్టూ జనం దణ్ణం పెడుతుంటారు. "ఖాళీ కుర్చీకి ఎందుకు దణ్ణం పెడుతున్నారు?" అని అడగండి చాలు, మిగతాది పిల్లలు చూసుకుంటారు.

రాయి గురించి కూడా తెలియాలి. అందరూ పాలరాయి అనేస్తారు, అది పల్నాడు సున్నపురాయి. పల్నాడు వైపు అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఉండటానికి కూడా అదే కారణం. చిన్న ముక్క ఒకటి సంచిలో ఉంచుకోండి, శిల్పాన్ని ముట్టుకోవద్దు అన్నప్పుడల్లా ఆ ముక్క చేతికివ్వండి.

మిగతావి త్వరగా చెప్తా: ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు, కుదిరితే నాగార్జునకొండ, సాగర్ డ్యాం కింద మునిగిపోతుందని తవ్వి తీసిన వస్తువుల్ని ద్వీపం మీద మ్యూజియంలో పెట్టారు, లాంచీలో వెళ్ళాలి. కొండపల్లి బొమ్మలు చేసే ఇళ్ళు, అక్కడ రంగు వెయ్యని తెల్ల పొణికి కర్ర బొమ్మ ఒకటి కొనుక్కోండి, ఎంత తేలికో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. మంగళగిరి మగ్గాలు, పెడన కలంకారీ అచ్చులు. మన దగ్గర మ్యూజియాల్లో శిల్పం ఎక్కువ, పెయింటింగ్ తక్కువ, కాబట్టి పెయింటింగ్ ముందు మాట్లాడ్డం ప్రాక్టీస్ అవ్వాలంటే రాజమండ్రి వెళ్ళి దామెర్ల రామారావు గ్యాలరీ చూడండి, 1897లో పుట్టి 1925లోనే పోయినాయన, అంత చిన్న వయసులో ఎంత పని చేశాడో. ఇక చెన్నై ఎగ్మోర్ తప్పదు, పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, రాత్రి అక్కడుండి మర్నాడు పూర్తిగా అమరావతి గ్యాలరీకి ఇచ్చెయ్యండి. శుక్రవారం వెళ్ళకండి, మూసేస్తారు, అమరావతి మ్యూజియానికీ శుక్రవారమే సెలవు.

మూడో మెట్టు: అడగడం నేర్చుకోవడం

అమెరికాలో అబిగైల్ హౌసెన్ అనే సైకాలజిస్టు, న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఎడ్యుకేషన్ డైరెక్టర్‌గా చేసిన ఫిలిప్ యెనవైన్ కలిసి ఒక పద్ధతి తయారు చేశారు, విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ అంటారు, ప్రపంచమంతా వాడుతున్నారు. మూడే ప్రశ్నలు. మన భాషలో ఇలా అడగొచ్చు: ఇక్కడ ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అన్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? పిల్లాడు చెప్పినదాన్ని మీ మాటల్లో మళ్ళీ చెప్పాలి, చెప్తూ ఆ భాగాన్ని చేత్తో చూపించాలి, "కరెక్ట్", "గుడ్" అనకూడదు. రెండో ప్రశ్నలోనే అంతా ఉంది, మిగతా రెండూ మర్చిపోయినా దాన్ని మర్చిపోకండి.

నలగిరి ఏనుగు పలక ఫోటోతో ఏడో తరగతి పిల్లల దగ్గర ఇది ఎలా నడుస్తుందో చెప్తా. అది గుండ్రటి పలక, అమరావతిదే, ఇప్పుడు చెన్నైలో ఉంది. ప్రింటు నేలమీద పరిచి చుట్టూ కూర్చోబెట్టాను.

"ఏం జరుగుతోందమ్మా ఇక్కడ?"

"రెండు ఏనుగులు సార్."

"రెండా. ఏం చేస్తున్నాయి?"

"ఒకటి తొక్కేస్తోంది. ఒకటి దణ్ణం పెడుతోంది."

"దణ్ణం పెడుతోందని ఏం చూసి అన్నావు?"

"మోకాళ్ళ మీద కూర్చుంది గదా సార్, తల కిందకి పెట్టింది."

వెనక నుంచి ఇంకో పిల్ల, "మేడ మీంచి చూస్తున్నారు సార్, కిటికీల్లోంచి, మా వీధిలో గొడవైతే చూసినట్టు." అందరూ నవ్వారు, కానీ ఆ పిల్ల చెప్పింది శిల్పి చెక్కిందే, పైన వరసలో జనం తొంగిచూస్తూ ఉంటారు. కొంచెంసేపు పోయాక ఒకడు నెమ్మదిగా, "సార్, రెండూ ఒకటే ఏనుగేమో" అన్నాడు. ఎందుకలా అన్నావు అంటే, "ముందు కోపంగా ఉంది, తర్వాత తగ్గింది, సినిమాలో లాగా" అన్నాడు. అంతే, ఒకే చట్రంలో రెండు క్షణాలు చూపించే కథన పద్ధతి గురించి నేను లెక్చర్ ఇవ్వాల్సిన పని లేకుండా పోయింది.

ఇక్కడే ఆ పద్ధతితో నాకో పేచీ. దాన్ని పట్టుబట్టి పాటించేవాళ్ళు సమాచారం ఏమీ చెప్పకూడదంటారు. మన శిల్పాలకి అది కుదరదు. పిల్లలు అంత దూరం వచ్చాక బుద్ధుణ్ణి చంపాలని దేవదత్తుడు తాగించి వదిలిన ఏనుగు, రాజగృహ నగరం వీధులు, బుద్ధుడి ముందు అది మోకరిల్లడం, ఈ కథ చెప్పకపోతే పిసినారితనమే. కాకపోతే వాళ్ళు చూసిన తర్వాత చెప్పాలి, ముందు కాదు. క్రీస్తుశకం ఫలానా శతాబ్దం అని మొదలెట్టారా, చూపులు గోడ గడియారం మీదకి పోతాయి.

ఇంకో సంగతి. మన రెండూళ్ళ పిల్లలు బిట్ పేపర్లలో పెరిగినవాళ్ళు, ప్రశ్న అడగ్గానే "ఆన్సర్ ఏంటి సార్" అని మీ మొహమే చూస్తారు. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ నోరు విప్పరు. భయపడి మీరే చెప్పెయ్యకండి. టీచర్లు ప్రశ్న అడిగాక ఒక సెకను మించి ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లోనే చూపించింది. మనసులో నెమ్మదిగా ఐదు లెక్కపెట్టుకోండి. మొదట్లో చచ్చేంత ఇబ్బందిగా ఉంటుంది, అలవాటవుతుంది.

నాలుగో మెట్టు: ఒక విజిట్ ప్లాన్ చెయ్యడం

ముప్పావుగంట సెషన్‌కి మూడు వస్తువులు చాలు, ఒక్కోదానికి పది నిమిషాలు, ముందు బయటే ఐదు నిమిషాలు రూల్స్, చివర పది నిమిషాలు చేత్తో చేసే పని. రూల్స్‌కి కారణం చెప్పండి: చేతికి చెమట, నూనె, ఉప్పు ఉంటాయి, వేలమంది ముట్టుకుంటే రాయి నల్లబడుతుంది, అరుగుతుంది. పెన్నులు వద్దు, పెన్సిళ్ళే, ఇంకు పడితే పోదు. క్లిప్‌బోర్డులు కొనక్కర్లేదు, మన పిల్లల దగ్గర పరీక్ష అట్టలు ఎలాగూ ఉంటాయి.

స్కూలు నుంచి యాభై అరవై మందిని ఒకే బస్సులో దింపేస్తారు, పదిహేను మంది దాటితే ఒక వస్తువు చుట్టూ ఎవరికీ ఏమీ కనపడదు, కాబట్టి హెడ్మాస్టర్‌తో ముందే మాట్లాడి బ్యాచ్‌లు చేసుకోండి, ఒక బ్యాచ్ లోపల ఉంటే ఇంకోటి బయట బొమ్మలు గీస్తుంది. బాత్రూములు ఎక్కడ, మంచినీళ్ళు ఎక్కడ, ఎండాకాలం అయితే బస్సు నీడన ఆగుతుందా, ఇవన్నీ మీరే వెళ్ళి చూసి రావాలి. ఇది చిన్నపని అనుకునేవాళ్ళు ఈ ఉద్యోగంలో నిలబడరు. టీచర్లకి కూడా పని చెప్పండి, లేకపోతే మూల నిలబడి "సైలెన్స్" అని అరుస్తుంటారు.

చిన్న క్లాసుల వాళ్ళకి విగ్రహం లాగా నిలబడమనండి, కథ చెప్పండి. ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకి డిటెక్టివ్ పని. తొమ్మిది పది వాళ్ళని వాదించుకోనివ్వండి, లండన్‌లో ఉన్న రాళ్ళు వెనక్కి రావాలా వద్దా అని రెండు జట్లు చెయ్యండి, మీ అభిప్రాయం మీ దగ్గరే ఉంచుకోండి. పెద్దవాళ్ళు వస్తే వాళ్ళే మీకు చెప్తారు, వినండి. ఉండవల్లిలో అనంతశయన స్వామికి దణ్ణం పెట్టేవాళ్ళు ఉంటారు, అమరావతిలో బౌద్ధ యాత్రికులు ప్రదక్షిణ చేస్తుంటారు, వాళ్ళకి అడ్డం నిలబడి లెక్చర్ ఇవ్వకండి.

చూపు లేనివాళ్ళ కోసం ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ముట్టుకుని చూసే అనుభవ్ గ్యాలరీ పెట్టారు. ఇక్కడ మీ స్థాయిలో మట్టి నమూనా, ఆ సున్నపురాయి ముక్క, మాటల్లో వర్ణించడం, వీటితో మొదలెట్టొచ్చు. కళ్ళు మూసుకున్న ఫ్రెండ్‌కి ఒక శిల్పాన్ని మాటల్లో చెప్పి బొమ్మ గీయమనండి, మీ వర్ణన ఎంత బాగుందో ఆ కాగితమే చెప్తుంది.

ఐదో మెట్టు: ప్రాక్టీస్ ఎక్కడ

మొదట అపార్ట్‌మెంట్ పిల్లలు, చుట్టాల పిల్లలు. తర్వాత దగ్గర్లో గవర్నమెంట్ స్కూలు. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకి పది రోజులు బ్యాగు లేని రోజులు అని ఉంది, హెడ్మాస్టర్‌తో మాట్లాడేటప్పుడు ఆ మాట ఎత్తండి. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, నవంబర్ 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవాలు, ఈ రోజుల్లో మ్యూజియాలకి మనుషులు కావాలి, నెల రోజుల ముందే ఒక పేజీ లెటర్ రాసి ఇవ్వండి. ఎవర్ని, ఎంతమందిని, ఏ గ్యాలరీలో, ఎంతసేపు, ఇవి స్పష్టంగా ఉండాలి. "కళారంగానికి సేవ చెయ్యాలని ఉంది" టైపు వాక్యాలు కొట్టెయ్యండి.

పర్మిషన్ లేకుండా గ్రూపుని తీసుకెళ్ళి మధ్యలో కూర్చోబెట్టి క్లాసు పెట్టకండి. పిల్లల ఫోటోలు తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఎక్కడా పెట్టకండి. పిల్లలతో ఎప్పుడూ ఒంటరిగా ఉండకండి, స్కూలు టీచర్ పక్కనే ఉండాలి, అది వాళ్ళకీ మంచిది, మీకూ మంచిది.

ఆరో మెట్టు: ఇప్పుడు కోర్సులు

డబ్బులు లేకుండా మొదలెట్టాలంటే ఆన్‌లైన్‌లో మ్యాప్ అకాడమీ వాళ్ళ ఉచిత కోర్సులు ఉన్నాయి, భారతీయ కళ మీద, బెంగుళూరు మ్యాప్ మ్యూజియంతో కలిసి ఉండే సంస్థ. మోమా వాళ్ళు కోర్సెరాలో టీచర్ల కోసం పెట్టిన కోర్సులు కూడా చూడండి.

డిగ్రీ కావాలంటే రెండు దారులు. ఒకటి మ్యూజియాలజీ, అంటే మ్యూజియాలు నడిపే చదువు: బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ, కలకత్తా యూనివర్సిటీ, బనారస్ హిందూ యూనివర్సిటీ, నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్, దీన్నే ముందు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ అనేవాళ్ళు. రెండోది ఆర్ట్ హిస్టరీ, దీనికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్ మనకి దగ్గర. బొమ్మలు వేసేవాళ్ళకి విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), కడప వైఎస్సార్ ఆర్కిటెక్చర్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నాయి. ఇల్లు వదలలేనివాళ్ళకి నాగార్జున యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం. యూజీసీ నెట్‌లో మ్యూజియాలజీ, కన్జర్వేషన్ అని సబ్జెక్టే విడిగా ఉంది, లెక్చరర్ వైపు పోవాలనుకుంటే అది రాయండి. నన్నడిగితే మ్యూజియాలజీ కంటే బి.ఇడి. చేసి బాగా చూడ్డం వచ్చినవాళ్ళే ఈ పనిలో త్వరగా నిలదొక్కుకుంటారు, క్లాసు నడపడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఏడో మెట్టు: ఉద్యోగం

దాచిపెట్టడం ఎందుకు, బెజవాడలో గానీ గుంటూరులో గానీ ఎడ్యుకేటర్ అని బోర్డు పెట్టిన జీతం ఉద్యోగాలు దొరకడం కష్టం. గవర్నమెంట్ మ్యూజియాల్లో గైడ్ లెక్చరర్ లాంటి పేర్లతో పోస్టులు ఉంటాయి, నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసుకోవాలి. ప్రైవేట్ మ్యూజియాలు బెంగుళూరు, ముంబై, ఢిల్లీలో, అక్కడ ఎడ్యుకేషన్, ఔట్‌రీచ్ అనే పేర్లతో వెతకండి, ఇంగ్లీషు తప్పదు, హిందీ ఉంటే మంచిది. ఇక్కడే ఉండి బతకాలంటే స్కూళ్ళకి వర్క్‌షాపులు, సమ్మర్ క్యాంపులు, హెరిటేజ్ వాక్‌లు కలిపి నడపాలి, ఏప్రిల్ మే నెలల్లో పని ఎక్కువ, జూన్‌లో అసలుండదు, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పుకోండి.

అప్లికేషన్‌తో పాటు పంపాల్సింది సర్టిఫికెట్ల కట్ట కాదు. మీరు నడిపిన ఒక సెషన్ ప్లాన్ రెండు పేజీల్లో, మీరు తయారు చేసిన వర్క్‌షీట్ ఒకటి, పిల్లలు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే ఒక పేజీ, సెషన్ తర్వాత ఏం మార్చారో నాలుగు లైన్లు. ఇంటర్వ్యూలో చాలా చోట్ల గ్యాలరీలో ఒక వస్తువు చూపించి పది నిమిషాలు నడిపించమంటారు. ప్యానెల్లో ఉన్న పెద్దవాళ్ళని పిల్లల్లాగే చూడండి, దగ్గరికి రమ్మనండి, అర నిమిషం ఎవర్నీ మాట్లాడొద్దని చెప్పి చూడమనండి, ఆ తర్వాత మొదటి ప్రశ్న అడిగి ఐదు లెక్కపెట్టండి.